మంత్రసానికీ మంత్రగత్తెకీ మధ్య ఒక మైలు

(ఒక గ్రంథాలయం నెలవారీ సమావేశంలో విశ్రాంత నర్సు ఒకరు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. అధ్యక్షులు గారు నన్ను పరిచయం చేస్తూ "విదేశీ యాత్రా విశేషాలు చెబుతారు" అన్నారు. యాత్ర అనేది పెద్ద మాటండీ. మా అమ్మాయి స్కాట్లండ్‌లో, ఎడిన్‌బరోలో ఉద్యోగం చేస్తోంది. దాని దగ్గర రెండు నెలలు ఉండి, రెండు స్వెట్టర్ల మీద ఇంకో స్వెట్టర్ వేసుకుని, దానికి పప్పూ పచ్చడీ చేసిపెట్టి వచ్చాను. ఆ రెండు నెలల్లో ఒక్క రోజు గురించే ఇవాళ చెప్తాను.

నేను నర్సింగ్ చదివేటప్పుడు మా ట్యూటరమ్మ మత్తుమందు పాఠం మొదలుపెడుతూ ఒక కథ చెప్పేది. ఎడిన్‌బరో అనే ఊళ్ళో, 1591లో, ఒకావిడ కాన్పు నొప్పులు తగ్గించమని మంత్రసానిని అడిగిందట. ఆ పాపానికి ఆవిడని బతికుండగానే కాల్చేశారట. ఆ ఊరి పేరు నేను వినడం అదే మొదటిసారి. నలభై ఏళ్ళ తర్వాత మా అమ్మాయి "ఎడిన్‌బరోలో ఉద్యోగం వచ్చిందమ్మా" అని ఫోన్ చేస్తే నాకు ముందు గుర్తొచ్చింది కోట కాదు, కొండ కాదు, ఆ మంట.

అందుకని, "ఒక రోజు సెలవు పెడతాను, ఏం చూస్తావు?" అని అది అడిగితే, మంత్రగత్తెలని చూపించమన్నాను. (నవ్వులు) నవ్వుతారేంటి, ఆ ఊళ్ళో అది పెద్ద వ్యాపారం. నల్ల కోటు, పొడుగు టోపీ పెట్టుకున్న గైడ్లు సాయంత్రమైతే జనాన్ని సందుల్లో తిప్పుతూ దయ్యాల కథలు చెప్తారు. దుకాణాల నిండా చీపుళ్ళు, మంత్రదండాలు. మేం గైడ్‌ని పెట్టుకోలేదు. పొద్దున్నే హోలీరూడ్ రాజభవనం దగ్గర బస్సు దిగి, అక్కడినుంచి కోట దాకా నడిచాం. కావాలనే అలా కింద నుంచి పైకి నడిచాం. అందరూ కోట చూసుకుని కిందికి దిగుతారు. నేను వెతుకుతున్న మనిషి మాత్రం పైకే వెళ్ళింది.

ఆ దారిని రాయల్ మైల్ అంటారు. ఒక చివర రాజభవనం, ఇంకో చివర కోట, మధ్యలో సుమారు 1.8 కిలోమీటర్ల రాతి రోడ్డు. అటూ ఇటూ ఐదారంతస్తుల పాత ఇళ్ళు, మధ్యమధ్యలో మనిషి భుజాలు తగిలేంత ఇరుకు సందులు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి నేను సిఫార్సు చేయను.

ఆ మనిషి పేరు ఆగ్నెస్ శాంప్సన్. ఎడిన్‌బరోకి తూర్పున కీత్ అనే పల్లె ఆవిడది. భర్త పోయాడు, పిల్లలున్నారు. పురుళ్ళు పోసేది, జబ్బు చేసినవాళ్ళకి ప్రార్థనలు చదివి, నాటు వైద్యం చేసేది. తెలివైన అవ్వ అన్న అర్థం వచ్చే పేరుతో చుట్టుపక్కల పెద్దింటివాళ్ళు కూడా ఆవిడని పిలిపించుకునేవాళ్ళు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. మన భాషలో పురుడు పోసే ఆవిడని ఏమంటాం? మంత్రసాని. చేతబడి చేస్తుందని భయపడే ఆవిడని? మంత్రగత్తె. రెండు మాటల్లోనూ ముందున్నది ఒక్కటే. నేను ముప్ఫై నాలుగేళ్ళు పల్లెల్లో పనిచేశాను, ఈ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి ఎప్పుడూ చూడలేదు. హోలీరూడ్ గేటు ముందు నిలబడితే తట్టింది.

ఇంతకీ ఆవిడకీ రాజుకీ ఏం సంబంధం? స్కాట్లండ్ రాజు ఆరో జేమ్స్ 1589లో డెన్మార్క్ రాజకుమారి ఆన్‌ని పెళ్ళి చేసుకున్నాడు. పెళ్ళికూతురి ఓడలు తుఫాన్లలో చిక్కి నార్వేలో ఆగిపోయాయి. ఈయనే ఓడెక్కి వెళ్ళి, ఓస్లోలో పెళ్ళి చేసుకుని, 1590 మే నెలలో తిరిగొచ్చాడు. ఉత్తర సముద్రంలో ఆ కాలంలో తుఫాను రాకపోతేనే వింత. కానీ డెన్మార్క్‌లో ఆ తుఫాన్లకి మంత్రగత్తెలే కారణమని కొందరు ఆడవాళ్ళని పట్టుకుని కాల్చారు. అదే ఏడాది స్కాట్లండ్‌లో కూడా ఆ వేట మొదలైంది.

మొదలైంది ఒక పనిపిల్లతో. ట్రనెంట్ అనే ఊళ్ళో డేవిడ్ సీటన్ అనే అధికారి ఇంట్లో గెయిలిస్ డంకన్ అని పనిమనిషి ఉండేది. జబ్బులు నయం చేస్తోంది, రాత్రుళ్ళు బయటికి వెళ్తోంది అని యజమానికి అనుమానం. వేళ్ళని ఇనుప బిగింపులో పెట్టి నలిపాడు, తలకి తాడు కట్టి మెలితిప్పాడు. అయినా ఒప్పుకోలేదు. చివరికి గొంతు మీద సైతాను మచ్చ దొరికిందన్నారు, అప్పుడు ఒప్పుకుంది. ఒప్పుకున్నాక ఊరుకోరు కదా, ఇంకెవరున్నారు అని అడుగుతారు. ఆ పిల్ల చెప్పిన పేర్లలో ఆగ్నెస్‌ది ఒకటి. చనిపోయే ముందు తాను కొందరి మీద చెప్పింది అబద్ధమని ఆ పిల్లే అంది. అప్పటికి ఆ మాట ఎవరికీ అక్కర్లేదు.

ఆగ్నెస్‌ని హోలీరూడ్‌కి తెచ్చి సాక్షాత్తూ రాజే విచారించాడు. ఒంటి మీద వెంట్రుకలన్నీ గొరిగించారు. తలకి తాడు బిగించారు. నిద్ర పోనివ్వకపోవడం అక్కడి పద్ధతి. దీని గురించి నాకు తెలిసింది చెప్తాను. వరసగా మూడు నైట్ డ్యూటీలు చేసి, పగలు కూడా నిద్రపోకపోతే, వార్డులో లేని మనుషులు కనిపిస్తారు. ఎవరో పిలిచినట్టుంటుంది. నాకు ఒకసారి ఖాళీ మంచం మీద పేషెంట్ లేచి కూర్చున్నట్టు కనపడింది. అలాంటి స్థితిలో ఉన్న మనిషిని "సైతానుని చూశావా" అని అడిగితే, చూశాననే అంటుంది. అబద్ధం కూడా కాదు అది.

ఆవిడ చాలా ఒప్పుకుంది. జల్లెళ్ళలో కూర్చుని సముద్రం మీద వెళ్ళామంది. నార్త్ బెరిక్ చర్చిలో సైతాను ముందు నాట్యం చేశామంది. పిల్లికి శవం ఎముకలు కట్టి సముద్రంలో పడేసి తుఫాను లేపామంది. రాజు మొదట నమ్మలేదట. వీళ్ళంతా పచ్చి అబద్ధాలకోర్లు అన్నాడట. అప్పుడావిడ పెళ్ళి రాత్రి ఆయనకీ రాణికీ మధ్య జరిగిన మాటలు చెవిలో చెప్పిందనీ, దాంతో ఆయనకి నమ్మకం కుదిరిందనీ 1591లోనే లండన్‌లో అచ్చయిన ఒక కరపత్రం రాసింది. ఆ కరపత్రం రాజుగారికి అనుకూలంగా రాసిందే, కాబట్టి నేను పూర్తిగా నమ్మకుండానే చదివాను. తర్వాత ఆ రాజు మంత్రగత్తెల మీద స్వయంగా ఒక పుస్తకం రాశాడు, 1597లో అచ్చయింది. రాజే రాస్తే ఇక కింది అధికారి ఏం చేస్తాడు?

ఆవిడ మీద మోపిన ఆరోపణలు 53. అందులో ఎక్కువ భాగం తుఫాన్ల గురించి కాదు, రోగుల గురించి! ఫలానా వాళ్ళ జబ్బు నయం చేసింది, ఫలానా రోగి బతకడని ముందే చెప్పింది, ఇలాంటివి. బతకడని ముందే చెప్పడం! మేం ఆ మాట బంధువుల్ని పక్కకి పిలిచి చెప్పని వారం లేదు.

సరే, నడుస్తున్నాం. సగం దారిలో సెయింట్ జైల్స్ చర్చి. దాని పక్కన నేల మీద రంగు రాళ్ళతో గుండె ఆకారం ఉంటుంది. పాత జైలు, కోర్టు ఉన్న చోటది. 1817లో ఆ భవనం కూల్చేశారు. అక్కడివాళ్ళు ఆ గుండె మీద ఉమ్మేసి వెళ్తారు, అది ఆచారం. ఇప్పుడు అదృష్టం కోసం అంటున్నారు గానీ, ఆ జైలు మీద అసహ్యంతోనే మొదలైందని చెప్తారు. మా అమ్మాయి "నువ్వూ ఉమ్మెయ్యమ్మా" అంది. ముప్ఫై నాలుగేళ్ళు "ఇక్కడ ఉమ్మివేయరాదు" బోర్డుల కింద పనిచేసినదాన్ని, నా వల్ల కాలేదు. (నవ్వులు)

అక్కడ ఒక బల్ల మీద కూర్చుంటే అది ఫోన్లో ఒక మ్యాప్ చూపించింది. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం వాళ్ళు 2019లో పెట్టారు. మంత్రగత్తెలని నింద పడ్డవాళ్ళు ఏ ఊరివాళ్ళో చుక్కలు పెట్టిన స్కాట్లండ్ పటం. 3,000 మందికి పైగా! 1563లో చట్టం చేశారు, 1736లో రద్దు చేశారు. ఆ మధ్యలో నింద పడ్డవాళ్ళు దాదాపు 4,000, చంపబడ్డవాళ్ళు 2,500 దాకా ఉంటారని అంచనా. నూటికి 80 మందికి పైగా ఆడవాళ్ళు. అమెరికాలో సేలం అని పేరు మోసిన ఊరుంది చూడండి, అక్కడ 1692లో ఉరి తీసింది 19 మందిని.

ఒక సంగతి ఒప్పుకోవాలి. మంత్రసానులనే వెతికి వెతికి చంపి ఉంటారని నేను ఒక లెక్క వేసుకుని వెళ్ళాను. ఆ పటం పక్కనున్న వివరాలు అలా లేవు. పురుళ్ళు పోసేవాళ్ళని తేలినవాళ్ళు చాలా తక్కువమంది. ఎక్కువమంది మామూలు రైతు ఇళ్ళ ఆడవాళ్ళు. పక్కింటివాళ్ళతో పాల దగ్గరో, అప్పు దగ్గరో గొడవ. ఈవిడ నోరు జారి "నువ్వు బాగుపడవు" అంటుంది. మర్నాడు వాళ్ళ ఆవు చస్తుంది, లేదా పిల్లాడికి జ్వరం వస్తుంది. అంతే. ఇది స్కాట్లండ్ కథలా వినిపిస్తోందా మీకు? నాకైతే మా మండలం కథలాగే వినపడింది. మేం బాణామతి అంటాం, చేతబడి అంటాం. తూర్పు కనుమల మన్యంలో చిల్లంగి అంటారు. పేపర్లో జిల్లా పేజీలో ఇప్పటికీ వస్తూనే ఉంటాయి.

ఇంకో పరీక్ష ఉండేది వాళ్ళకి. సూది గుచ్చడం. సైతాను ముట్టిన చోట నొప్పి ఉండదు, రక్తం రాదు అని నమ్మకం. దానికి జీతానికి తిరిగే మనుషులుండేవాళ్ళు. జాన్ కిన్‌కెయిడ్ అనే అతను అందులో పేరు మోశాడు, అతనిదీ ట్రనెంటే. ముసలమ్మని బట్టలిప్పి ఒళ్ళంతా పొడిచి, ఎక్కడ 'అబ్బా' అనదో చూడటం. షుగర్ పేషెంట్ల పాదాలు చూసిన ఏ నర్సునైనా అడగండి, సూది గుచ్చినా తెలియని చోట్లు మనిషి ఒంట్లో ఉంటాయా ఉండవా అని.

మధ్యలో దారి తప్పి, అంటే కావాలనే, చేంబర్స్ స్ట్రీట్‌లో జాతీయ మ్యూజియంకి వెళ్ళాం. టీ తాగడానికి అనుకోండి. అక్కడ పాత శిక్షల సామాన్లలో నోటికి బిగించే ఇనుప కళ్ళెం ఒకటి ఉంది. నోరు పెట్టుకుని పడిపోయే ఆడవాళ్ళకి తగిలించి వీధిలో నిలబెట్టేవాళ్ళట, నాలుక మీద ఇనుప రేకు పడుతుంది. దాని ముందు నేను చాలాసేపు నిలబడ్డాను. మా అమ్మాయికి చెప్పలేదు గానీ, మీకు చెప్తాను. నా సర్వీసులో ఒకామెని ఆటోలో తెచ్చారు, మూతి నిండా రక్తం. ముందుపళ్ళు పట్టకారుతో పీకారు. పళ్ళు లేకపోతే మంత్రం సరిగ్గా పలకదని అలా చేస్తారు. గాజుగుడ్డ కుక్కి, ఇంజెక్షన్ చేసి, పెద్దాసుపత్రికి పంపాం. కేసు షీటులో "కింద పడి దెబ్బ తగిలింది" అని రాయమని వెంట వచ్చిన మగవాళ్ళు. నేను రాయలేదు. కానీ ఆమే అలా చెప్పింది.

(కొద్దిసేపు ఆగి) నీళ్ళు ఇవ్వండమ్మా.

మళ్ళీ మైలు మీదికి వద్దాం. చివరి భాగం పేరు కాసిల్‌హిల్, నిటారుగా ఎక్కాలి. కోట ముందు పెద్ద మైదానం. ఆగస్టులో అక్కడ గ్యాలరీలు కట్టి మిలిటరీ బ్యాండు ఉత్సవం చేస్తారు. 1591 జనవరి 28న ఆగ్నెస్‌ని ఆ కొండ మీదే స్తంభానికి కట్టి, గొంతు బిగించి చంపి, తర్వాత కాల్చారు. స్కాట్లండ్‌లో మామూలుగా అంతే, ముందు చంపి తర్వాత కాలుస్తారు. ఊళ్ళవాళ్ళు ఆ ఖర్చుల లెక్కలు కూడా రాసుకున్నారు. కిర్కాల్డీ అనే ఊళ్ళో 1633 నాటి పద్దు మిగిలింది: బొగ్గుకింత, తారు పీపాకింత, తాళ్ళకింత, తలారికింత.

మా ట్యూటరమ్మ చెప్పిన ఆవిడ మాత్రం బతికుండగానే కాలింది. పేరు యూఫేమ్ మెక్‌కాలియన్. జడ్జి గారి కూతురు, ఆస్తిపరురాలు. జూన్ 25, అదే ఏడాది, అదే కొండ. ట్యూటరమ్మ కథని నేనిప్పుడు కాస్త సరిదిద్దాలి. నొప్పులు తగ్గించమని అడిగినందుకే కాల్చలేదు. రాజు మీద కుట్ర అన్నది పెద్ద నేరం, నొప్పుల సంగతి ఆరోపణల జాబితాలో ఒకటి. కానీ ఉంది. ఆగ్నెస్ దగ్గర నుంచి బెజ్జం ఉన్న రాయి తెప్పించుకుని తలగడ కింద పెట్టుకుంది, కాగితంలో పొడి చుట్టి జుట్టులో ముడుచుకుంది, పురిటి వేళ భర్త చొక్కా మంచం కింద వేయించింది అని ఆరోపణ. మనం మంచం కింద కొడవలి పెడతాం, గుమ్మానికి వేపాకు కడతాం. నేను పనిచేసిన ఏ ఊళ్ళోనైనా ఆ లెక్కన ఇల్లు మిగలదు.

ఇంతమంది పోయిన చోట ఏముందో తెలుసా? ఒక చిన్న కుళాయి. అంతే. మైదానానికి తూర్పు మూల, పాత నీళ్ళ ట్యాంకు భవనం గోడకి, మన దేవుడి గూడంత లోహపు పలక. వెతికితే తప్ప కనపడదు, మేం దాని ముందు నుంచే దాటిపోయి వెనక్కొచ్చాం. పాట్రిక్ గెడిస్ పెట్టించాడు, 1894లో. నగరాల ప్రణాళికలు వేసే గెడిస్, తర్వాత మన దేశం వచ్చి బొంబాయి విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పింది ఆయనే. బొమ్మ చెక్కింది జాన్ డంకన్. అందులో కోపంగా ఒక ముఖం, శాంతంగా ఒక ముఖం, చుట్టుకున్న పాము, ఒక పూల కొమ్మ ఉంటాయి. కొందరు తమ తెలివిని చెడుకి వాడారనీ, కొందరు మంచి చేయబోతే జనం అపార్థం చేసుకున్నారనీ పక్కన ఫలకం చెప్తుంది. నాకది నచ్చలేదు. ఎవరు చెడుకి వాడారట? నిద్ర లేక కలవరించినవాళ్ళా? 2022 మార్చి 8న అప్పటి స్కాట్లండ్ ప్రభుత్వాధినేత్రి నికోలా స్టర్జన్ పార్లమెంటులో వీళ్ళందరికీ క్షమాపణ చెప్పింది. ఫలకం మాత్రం అలాగే ఉంది. కుళాయిలో నీళ్ళు రావు. ఎవరో పువ్వులు పెట్టిపోయారు.

కానీ ఆ పూల కొమ్మ నన్ను కదలనివ్వలేదు. అది ఫాక్స్‌గ్లవ్. గంటల్లాంటి ఊదా పూలు. దాని లోపలి మందు పేరు డిజిటాలిస్. గుండె జబ్బుకి డిగాక్సిన్ మాత్ర వాడినవాళ్ళు ఈ హాల్లో ఉండే ఉంటారు. ఆ మాత్ర ఇచ్చే ముందు నర్సు నాడి చూడాలి. 60కి తగ్గితే ఇవ్వకూడదు, డాక్టరుకి చెప్పాలి. కొంచెం ఎక్కువైతే ఆ మందే ప్రాణం తీస్తుంది. అది మందని వైద్యలోకానికి 1785లో పుస్తకం రాసి చెప్పింది విలియం విదరింగ్, ఎడిన్‌బరోలోనే వైద్యం చదివాడు. ఆయనకి ఎలా తెలిసింది? ష్రాప్‌షైర్‌లో ఒక ముసలావిడ ఒంటికి నీరు పట్టినవాళ్ళకి ఇచ్చే కషాయం నుంచి. ఆ సంగతి ఆయనే నిజాయితీగా రాసుకున్నాడు. ఆవిడ పేరు మాత్రం రాయలేదు.

కొండ దిగి ప్రిన్సెస్ స్ట్రీట్ తోటలోకి వచ్చాం. ఆ తోట ఒకప్పుడు మురికి చెరువు. మంత్రగత్తెలని అందులో ముంచి పరీక్షించేవాళ్ళని మా పక్కన ఒక గైడు గట్టిగా చెప్తున్నాడు. స్కాట్లండ్‌లో పెద్ద పరీక్ష సూదే గానీ నీళ్ళు కాదు. అయితే నీళ్ళ కథకి జనం ఎక్కువ. తోటలో ఒక విగ్రహం ఉంది, డాక్టర్ జేమ్స్ యంగ్ సింప్సన్. అక్కడినుంచి పది నిమిషాలు నడిస్తే క్వీన్ స్ట్రీట్, 52 నంబరు, ఆయన ఇల్లు. 1847 నవంబర్ 4 రాత్రి భోజనాలయ్యాక ఆయనా, ఇద్దరు తోటి డాక్టర్లూ క్లోరోఫాం అనే మత్తుమందు పీల్చి బల్ల కింద పడిపోయారు. ఆ ఇద్దరి పేర్లు కీత్, డంకన్. ఆగ్నెస్ ఊరు కీత్, పనిపిల్ల ఇంటిపేరు డంకన్. ఉత్త యాదృచ్ఛికమే, నాకు మాత్రం ఒళ్ళు జలదరించింది. కొద్ది రోజుల్లోనే ఆయన కాన్పులకి ఆ మందు వాడాడు. నొప్పితో కనాలన్నది దేవుడి శాసనం కదా అన్నవాళ్ళకి బైబిల్‌తోనే జవాబు రాశాడు. కోట కొండకీ ఆ ఇంటికీ మధ్య నడక అరగంట కూడా లేదు, మధ్యలో గడిచింది 256 ఏళ్ళు.

క్లోరోఫాం దగ్గర మన హైదరాబాద్ ప్రస్తావన రాకపోతే నాకు తోచదు. ఎడిన్‌బరోలో చదువుకున్న ఎడ్వర్డ్ లారీ ఇక్కడ రెసిడెన్సీ సర్జన్‌గా ఉండి, నిజాం డబ్బుతో 1888లో, 1889లో క్లోరోఫాం కమిషన్లు, అంటే ఆ మందు మీద పరిశోధన సంఘాలు, నడిపాడు. మందు ఇచ్చేటప్పుడు నాడి కాదు, ఊపిరి గమనించాలన్నది ఆయన పట్టు. అది పూర్తిగా సరికాదని తర్వాత తేలింది. ఆయన శిష్యురాలు రూపాబాయి ఫర్దూంజీ, ప్రపంచంలో మత్తుమందు ఇచ్చిన తొలి మహిళా డాక్టర్లలో ఒకరు, హైదరాబాద్ ఆసుపత్రుల్లో పనిచేసింది. తర్వాత పై చదువుకి ఎడిన్‌బరో వెళ్ళింది. ఆవిడ వెళ్ళేనాటికి ఆ కుళాయి గోడకి ఉంది. చూసిందేమో అనుకుంటూ నేను ఆ సాయంత్రం బస్సెక్కాను.

ఇంతే నేను చెప్పదలుచుకున్నది. ఏమైనా అడగాలంటే అడగండి.

(సభలో ఒకరు: "మేడం, మీరు మంత్రసాని, మంత్రగత్తె అన్నారు కదా. మీ సర్వీసులో అలా ఎవరినైనా చూశారా?")

చూశాను బాబూ. చెప్పకుండా దిగిపోదామనుకున్నా.

నా మొదటి పోస్టింగ్ ఊళ్ళో ఒక అవ్వ ఉండేది. నేను అప్పుడే చదువు ముగించి వచ్చాను. పుస్తకం తెలుసు గానీ చేయి తెలియదు. బిడ్డ అడ్డం తిరిగి ఉందో లేదో కడుపు మీద అరచేయి పెట్టి చూడటం నాకు నేర్పింది ఆ అవ్వే. "కళ్ళు మూసుకో బిడ్డా, చేతితో చూడు" అనేది. ప్రభుత్వం ఇచ్చే దాయి శిక్షణకి నేనే పంపాను, బ్లేడు, దారం, సబ్బు ఉన్న డబ్బా ఇచ్చారు. ఆ డబ్బాని దేవుడి దగ్గర పెట్టుకునేది. ఒకసారి ఒక పెద్దింట్లో పుట్టిన బిడ్డ మూడో రోజు పోయింది. వారం తిరక్కుండా ఆ ఇంట్లోనే ఎద్దు చచ్చింది. అంతే, ఊళ్ళో మాట మారిపోయింది. రాత్రి ఆవిడ ఇంటి మీద రాళ్ళు పడ్డాయి. ఆవిడని కొట్టలేదు, అంతవరకు నయం. తెల్లారేసరికి ఇల్లు తాళం వేసి కూతురి ఊరికి వెళ్ళిపోయింది. మళ్ళీ పురుడు పోయలేదని విన్నాను.

అప్పటినుంచి ఆ ఊరి ఆడవాళ్ళు నొప్పులు మొదలవగానే ఆరు కిలోమీటర్లు బండి కట్టించుకుని మా సెంటర్‌కే వచ్చేవాళ్ళు. నా రిజిస్టర్‌లో కాన్పుల సంఖ్య పెరిగింది. ఆ ఏడాది జిల్లా మీటింగులో నన్ను నిలబెట్టి చప్పట్లు కొట్టించారు.